మీకు తెలుసా? పడిగె విప్పితే నాటకం మొదలు!

తెర లేదు, స్టేజీ లేదు, టికెట్టు అసలే లేదు. అయినా మణుగూరు, భద్రాచలం, ములుగు అడవుల కోయగూడేల్లో తరతరాలుగా ఒక నాటకం నడుస్తోంది. ఆడేవాళ్లు కోయ కథకులైన డోలీలు. వాళ్ల రంగస్థలం పడిగె, అంటే బొమ్మలు కుట్టిన పొడవాటి త్రికోణపు గుడ్డ జెండా. వేల్పుల కొలుపులప్పుడు దాన్ని విప్పి, డోలు కొట్టి, కంచుతాళం వేసి, కొలుపు చేసే వంశపు వీరుల కథ పాడతారు. ఏ ఇంట ఏ కథ చెప్పాలన్నది గట్టును, అంటే కోయ వంశాల వర్గాన్ని, బట్టి ఉంటుంది. కోయల్లో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉన్నాయి. ఎవరి వేల్పు వాళ్లది, ఎవరి పడిగె వాళ్లది.

డోలీల పేరు ఢిల్లీ దాకా వినిపించింది 2022లో. ఆ ఏడాది మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. (శబరి, గోదావరి కలిసే కూనవరం వేరు. అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది.) సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు, గరికామరాజు కథలను ఆయన కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవారు.

ఇటలీలోనూ డోలీల ఆటకు దూరపు చుట్టం లాంటిది ఒకటుంది. టస్కనీ, ఎమీలియా కొండల్లో రైతులు, గొర్రెల కాపరులు ఆడే పాటల నాటకం అది. పేరు 'మాజ్జో'. వీరుల యుద్ధాలే కథలు, చెట్ల నడుమ ఖాళీ జాగాయే రంగం, చుట్టూ నిలబడ్డవాళ్లే ప్రేక్షకులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూలి కోసం జనం ఊళ్లు వదలడంతో అది చాలాచోట్ల ఆగిపోయింది. 1960ల్లో కోస్తబోనా లాంటి పల్లెలు తామే సంఘం పెట్టుకుని మళ్లీ నిలబెట్టుకున్నాయి. అక్కడ తమాషా ఏమిటంటే, పుస్తకం పట్టుకున్న ప్రాంప్టరు నటుల వెనకాలే తిరుగుతూ మాట అందిస్తుంటాడు, అందరికీ కనిపిస్తూనే! మన డోలీకి ఆ పుస్తకమూ లేదు, ఆ మనిషీ లేడు. ఉన్నదల్లా పడిగె మీది బొమ్మలూ, తండ్రి దగ్గర విన్న జ్ఞాపకమూ.

అందుకే మనకు ముప్పు ఎక్కువ. పడిగె చివికిపోతే బొమ్మలు పోతాయి, చెప్పేవాడు పోతే కథే పోతుంది. రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. అదృష్టం కొద్దీ, అంతకు ముందే పరిశోధకులు జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు డోలీల నోట సమ్మక్క సారలమ్మ కథను విని రాసుకుని పుస్తకంగా తెచ్చారు. అది పెద్ద పని, కాదనను. కానీ అచ్చులో కథ ఉంటుంది, డోలు ఉండదు. ఆట బతకాలంటే కొలుపుకు పిలిచే ఇళ్లు ఉండాలి, నేర్చుకునే కుర్రాళ్లు ఉండాలి, వాళ్లకు కూలి గిట్టాలి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది కదా, డోలీలను గురువులుగా కూర్చోబెట్టి జీతమిచ్చి పాఠం చెప్పించవచ్చు.

ఈలోగా మీకు తెలిసిన గూడెంలో డోలీ ఉంటే, ఆయన ఒప్పుకుంటేనే, ఫోన్లో కథంతా రికార్డు చేయండి. ఆయన కష్టానికి తగిన డబ్బు ఇవ్వడం మాత్రం మరవకండి.