పందెపు కారుకు గాలి పరీక్ష

ఇటలీ దేశంలో మిలాన్ నగరానికి ఉత్తరంగా మోంజా అనే పట్టణం ఉన్నది. అక్కడి రాజోద్యానంలో 1922లో నిర్మించిన మోటారు పందేల బాట మీద, సాధారణంగా సెప్టెంబరు మొదటి రోజుల్లో, ఇటలీ గ్రాండ్ ప్రి అనే పందెం జరుగుతుంది. బాట చుట్టుకొలత 5.793 కిలోమీటర్లు. పందెంలో దానిని 53 సార్లు చుట్టి రావాలి. మోడెనా నగరానికి సమీపంలోని మరనెల్లోలో కార్లు తయారుచేసే ఫెరారీ జట్టుకు ఇది సొంత గడ్డ మీది పందెం. మిగతా చోట్ల ఓడినా ఇక్కడ గెలిస్తే ఆ సంవత్సరం గడిచినట్లే అనుకునే అభిమానులు ఆ దేశంలో తక్కువ మంది కారు.

ఈ బాటకు ఒక ప్రత్యేకత ఉన్నది. తిన్నని దారులు ఎక్కువ, మలుపులు తక్కువ. చుట్టులో ముప్పాతిక భాగానికి పైగా డ్రైవరు కాలు యాక్సిలరేటరును పూర్తిగా అదిమే ఉంటుంది. 2025లో పందెానికి ముందురోజు జరిగిన అర్హత పరీక్షలో వెర్‌స్టాపెన్ అనే డచ్చి డ్రైవరు ఇక్కడ ఒక చుట్టును సగటున గంటకు 264 కిలోమీటర్లకు మించిన వేగంతో పూర్తిచేశాడు. అంతటి వేగంలో ఇంజను శక్తిలో చాలా భాగం గాలిని తోసుకొని పోవడానికే ఖర్చవుతుంది.

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి గాలి నిరోధం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వేగం పెరిగినకొద్దీ ఆ నిరోధం ఎట్లా పెరుగుతుందన్నదే ఇక్కడి ముఖ్య విషయం. అది వేగ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి, అంటే సెకనుకు చేయవలసిన పని, వేగ ఘనానికి అనుపాతంలో ఉంటుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 330 కిలోమీటర్లు అందుకోవాలనుకున్నదనుకుందాం. వేగం పెరిగింది పదో వంతే. నిరోధం మాత్రం నూటికి 21 వంతులు పెరుగుతుంది, కావలసిన శక్తి నూటికి 33 వంతులు పెరుగుతుంది. అంత శక్తిని ఇంజను నుంచి అదనంగా రాబట్టడం దాదాపు అసాధ్యం. నిరోధాన్ని తగ్గించుకోవడమే తేలిక.

అట్లా అయితే కారును చేపలాగా నున్నగా చేసి, రెక్కలన్నీ పీకివేస్తే సరిపోదా అనే ప్రశ్న తరగతిలో తప్పక వస్తుంది. సరిపోదు. మలుపులో కారును లోపలివైపుకు లాగి ఉంచేది టైర్లకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణ. టైరు నేలను ఎంత బలంగా అదిమితే ఘర్షణ అంత ఎక్కువ. అదుము పెరగడానికి కారులో ఇసుక బస్తాలు వేస్తే ఏమవుతుంది? బరువుతోపాటు ద్రవ్యరాశి కూడా పెరుగుతుంది. దానిని మలుపు తిప్పడానికి అంతకంత బలమూ కావలసి వస్తుంది. వచ్చిన లాభం అక్కడే పోతుంది. గాలి చేత కారును కిందికి నొక్కించగలిగితే ఈ చిక్కు లేదు. ఆ నొక్కుడుకు ద్రవ్యరాశి లేదు. విమానపు రెక్కను తలకిందులుగా అమర్చితే అది పైకి ఎత్తడానికి బదులు కిందికి నొక్కుతుంది. ఈ కిందికి నొక్కే బలాన్నే అధోబలం అంటారు. ఫెరారీ తన కారు మీద ఇటువంటి వెనుక రెక్కను 1968 బెల్జియం పందెంలో మొదటిసారి నిలబెట్టింది. 2024 నియమాల ప్రకారం కారు, డ్రైవరు కలిసి కనీసం 798 కిలోగ్రాములు తూగాలి; మంచి వేగంలో గాలి కలిగించే అధోబలం ఈ బరువును మించిపోతుంది.

అయితే గాలి ఏ మేలునూ ఉచితంగా చేయదు. రెక్కను నిటారుగా వాల్చినకొద్దీ అధోబలం పెరుగుతుంది, దానితోపాటు నిరోధమూ పెరుగుతుంది. మోంజాలో ఈ బేరం చాలా సున్నితమైనది. ఒక కిలోమీటరు తిన్నని దారిని 320 వేగంతో దాటడానికి 11.25 సెకన్లు పడితే 330 వేగంతో 10.91 సెకన్లు పడుతుంది. మూడోవంతు సెకను మిగిలింది. కాని రెక్కను మరీ పలుచన చేస్తే లెస్మో, అస్కారి, పారబోలికా మలుపుల్లో కారు జారుతుంది. జారిన టైరు అరిగిపోతుంది. అరిగిన టైరును మార్చడానికి ఆగితే ఇరవై సెకన్లకు పైగా పోతాయి. ఎంత రెక్క ఉంచాలి, ఎంత తీసివేయాలి అన్నది పందెానికి ముందే తేల్చుకోవాలి. దీనికే గాలి పరీక్షలు.

మొదటి పరీక్ష కంప్యూటరులో జరుగుతుంది. కారు చుట్టూ ఉన్న గాలిని కోట్లాది చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదిలో వేగం, పీడనం ఎంత ఉంటాయో లెక్క కడతారు. రెండవది వాయుసొరంగం. మరనెల్లోలోని ఫెరారీ సొరంగ భవనానికి రూపకల్పన చేసినవాడు రెంజో పియానో అనే ప్రఖ్యాత వాస్తుశిల్పి; అది 1990 దశాబ్దం చివరిలో పనిలోకి వచ్చింది. పెద్ద పంకా ఒకటి గాలిని గుండ్రని దారిలో తిప్పుతుంది. ఆ గాలిని జాలీల గుండా పంపి సుడులు తీసివేసి, ఇరుకు గొంతులోనుంచి వేగంగా నమూనా మీదికి వదులుతారు. నిజమైన బాట మీద గాలి నిలిచి ఉంటుంది, కారు పరుగెత్తుతుంది. సొరంగంలో కారు నిలిచి ఉంటుంది, గాలి పరుగెత్తుతుంది. రెండూ ఒకటే కావాలంటే నేల కూడా గాలితో సమంగా పరుగెత్తాలి. అందుచేత నమూనా కింద వెడల్పయిన పట్టా ఒకటి అదే వేగంతో నడుస్తూ ఉంటుంది. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే నేలనంటిన గాలి పొర మందగించి, కారు అడుగుభాగపు కొలతలన్నీ తప్పిపోతాయి.

ధనికులైన జట్లు రాత్రింబగళ్లు సొరంగాలు నడిపి పేద జట్లను అణచివేయకుండా ఫార్ములా వన్ నియమాలు కొన్ని హద్దులు పెట్టాయి. నమూనా అసలు కారులో నూటికి 60 వంతులకు మించరాదు. గాలి వేగం సెకనుకు 50 మీటర్లకు, అంటే గంటకు 180 కిలోమీటర్లకు మించరాదు. ఎనిమిది వారాల గడువులో ఎన్ని పరుగులు పెట్టవచ్చో లెక్క ఉన్నది. మొదటి స్థానంలో ఉన్న జట్టుకు మూలసంఖ్యలో నూటికి 70 వంతులే దక్కుతాయి, పదవ స్థానంలో ఉన్న జట్టుకు 115 వంతులు దక్కుతాయి. గెలిచినవానికి తక్కువ, ఓడినవానికి ఎక్కువ ఇవ్వడం క్రీడలలో అరుదైన న్యాయమే.

ఈ హద్దులవల్ల ఒక శాస్త్రీయమైన చిక్కు వచ్చిపడింది. 1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు మాంచెస్టరులో గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి, ప్రవాహం ఎప్పుడు నిలకడగా సాగుతుందో, ఎప్పుడు చెదిరి సుడులు తిరుగుతుందో పరిశీలించాడు. ప్రవాహ వేగాన్ని వస్తువు పొడవుతోను, ప్రవాహి సాంద్రతతోను గుణించి, దాని స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఆయన పేరుతో రేనాల్డ్స్ సంఖ్య అంటారు. చిన్న నమూనా చుట్టూ గాలి పెద్ద కారు చుట్టూ పారినట్లే పారాలంటే రెండింటికీ ఈ సంఖ్య ఒకటే కావాలి. మోంజాలో కారు సెకనుకు 90 మీటర్లు పోతున్నదనుకుంటే, 60 వంతుల నమూనాను 50 మీటర్ల గాలిలో పెట్టినప్పుడు వచ్చే రేనాల్డ్స్ సంఖ్య నిజమైనదానిలో మూడోవంతు మాత్రమే. విద్యార్థులు గుణించి చూసుకోవచ్చు. పీడనాల తేడా కూడా స్వల్పం కాదు. ఘనపు మీటరు గాలి 1.2 కిలోగ్రాములు తూగుతుందనుకుంటే, 50 మీటర్ల వేగంలో గాలి గతిపీడనం చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు; 90 మీటర్ల వేగంలో 4,860 న్యూటన్లు. కనుక సొరంగం చెప్పేది నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది గాని, పూర్తి నిజం కాదు.

పూర్తి నిజం చెప్పవలసింది బాట మీది కారే. పూర్వం జట్లు మోంజా పందెానికి ముందు అదే బాట మీద కొన్ని రోజులు పరుగులు తీసి, పలుచని రెక్కలను సరిచూసుకొనేవి. 2009 నుంచి పందేల కాలంలో అటువంటి పరీక్షలను నిషేధించారు. ఇక మిగిలింది ప్రధానంగా పందెపు వారంలోని అభ్యాసపు గంటలే. ఆ కొద్ది వ్యవధిలో కారు చక్రం వెనుక పెద్ద దువ్వెనలాంటి చట్రం ఒకటి బిగించి పంపడం చూడవచ్చు. దాని పళ్లన్నీ పీటో గొట్టాలు. 1732లో సేన్ నది ప్రవాహ వేగం కొలవడానికి హెన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు వాడిన వంపు గొట్టానికి ఇవి మునిమనుమలు. ఎదురుగా వచ్చే గాలి గొట్టంలో ఆగినప్పుడు కలిగే పీడనాన్ని బట్టి వేగం తెలుస్తుంది. మరొక పద్ధతి ఇంకా సులభమైనది. పలుచని నూనెలో ప్రకాశించే రంగుపొడి కలిపి రెక్కకు పూసి, కారును ఒక చుట్టు తిప్పుతారు. నూనె ఆరిపోయి రంగు చారలుగా మిగులుతుంది. వరద తీసిన తరువాత ఇసుక మీది చారలను చూచి నీరు ఎటు పారిందో చెప్పినట్లే, ఇంజనీర్లు ఆ చారలను చూచి గాలి ఎక్కడ ఉపరితలాన్ని అంటిపెట్టుకొని పోయిందో, ఎక్కడ విడిపోయి సుడులు తిరిగిందో చెబుతారు. ఇంత ఖరీదైన క్రీడలో ఇంత చవకైన సాధనం ఇంకా నిలిచి ఉండడం ముచ్చటగా ఉంటుంది.

సొరంగం ఒకటి చెప్పి, బాట మరొకటి చెబితే ఏం చేయాలి? ఫెరారీకి ఈ అనుభవం కొత్తది కాదు. 2012 చివర ఆ జట్టు తన సొరంగాన్ని సరిదిద్దడానికి మూసివేసి, జర్మనీలోని కొలోన్‌లో ఉన్న టొయోటా సంస్థ సొరంగంలో పని జరుపుకొన్నది. పన్నెండేళ్ల తరువాత అటువంటి చిక్కే మరొక రూపంలో ఎదురయింది.

దానిని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. రెండు కాగితాలను వేలెడు దూరంలో సమాంతరంగా వేలాడదీసి, వాటి మధ్యకు ఊదాలి. కాగితాలు దూరంగా పోవడానికి బదులు దగ్గరకు వస్తాయి. వాటి నడుమ వేగంగా పోయే గాలి పీడనం తగ్గడమే కారణం. 2022 నుంచి 2025 వరకు ఉన్న ఫార్ములా వన్ కార్ల అడుగుభాగాన్ని ఈ సూత్రం మీదనే మలిచారు. కారుకూ నేలకూ మధ్య ఇరుకయ్యే సందులో గాలి వేగం పుంజుకొని పీడనం పడిపోతుంది. పైనున్న వాతావరణ పీడనం కారును నేలకు అదుముతుంది. కారు కిందికి దిగినకొద్దీ సందు ఇంకా ఇరుకయి, అదుము ఇంకా పెరుగుతుంది. మరీ దిగితే సందు మూసుకొన్నంత పనై ప్రవాహం చెదిరిపోతుంది. వెంటనే అదుము సడలి కారు పైకి లేస్తుంది. లేవగానే ప్రవాహం మళ్లీ కుదురుతుంది, కారు మళ్లీ దిగుతుంది. సెకనుకు పలుమార్లు ఇట్లా జరిగితే కారు నీటిలో మునిగి తేలే డాల్ఫినులాగా ఎగిరెగిరి పడుతుంది. డ్రైవరు వెన్నెముకకు ఇది ఎంత బాధో చెప్పనక్కరలేదు.

2024 జూనులో స్పెయిన్ పందెానికి ఫెరారీ కొత్త అడుగుభాగం తెచ్చింది. అధోబలమైతే పెరిగింది గాని, వేగపు మలుపుల్లో ఈ గెంతుడు మొదలయింది. 180 కిలోమీటర్లకు మించని సొరంగంలో, కడ్డీకి బిగించి ఉన్న నమూనా తన టైర్ల మీద, స్ప్రింగుల మీద స్వేచ్ఛగా ఊగలేదు. అందుచేత ఇటువంటి లోపం అక్కడ పట్టుబడడం కష్టం. జూలైలో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ పందెపు వారంలో జట్టు శుక్రవారపు అభ్యాసాన్ని ఇందుకే ధారపోసింది. పాత అడుగుభాగాన్నీ కొత్తదానినీ పోల్చి చూచి, చివరకు పాతదానికే మళ్లింది. నెలల తరబడి చేసిన పనిని పక్కన పెట్టడం చిన్న నిర్ణయం కాదు. కాని ఆ శుక్రవారపు కొలతలు ఊరికే పోలేదు. హంగరీ పందెంలో కొన్ని సవరణలు చేసి, సెప్టెంబరు 1న జరగవలసిన మోంజా పందెానికి మరొక కొత్త అడుగుభాగాన్ని సిద్ధం చేశారు. దానికి తోడు మోంజా కోసం పలుచని రెక్క ఉండనే ఉన్నది.

అది పనిచేసింది. ప్రత్యర్థులైన మెక్లారెన్ కార్లు రెండుసార్లు ఆగి టైర్లు మార్చుకున్నాయి. ఫెరారీ డ్రైవరు షార్ల్ లెక్లెర్ ఒక్కసారే మార్చుకొని, ఆ అరిగిన టైర్లతోనే చివరివరకు నెట్టుకొచ్చాడు. రెండవవాడైన పియాస్ట్రి కంటే రెండున్నర సెకన్లకు పైగా ముందు గీత దాటాడు. టైర్లను కాపాడుకోవడంలో డ్రైవరు నేర్పుకు పెద్ద పాలే ఉన్నది. అయితే గెంతని, జారని కారు లేకపోతే ఆ నేర్పు చూపడానికి అవకాశమే ఉండేది కాదు. అదే డ్రైవరు 2019లో కూడా ఇక్కడ గెలిచాడు. మరుసటి సంవత్సరం, ఇంజను శక్తి తగ్గి గాలి నిరోధం పెరిగిన కారుతో, అర్హత పరీక్షలో పదమూడవ స్థానానికి పడిపోయాడు.

2026 నియమాలు ఈ బేరాన్ని మార్చివేశాయి. ముందు రెక్క, వెనుక రెక్క రెండూ తిన్నని దారిలో వాలి నిరోధాన్ని తగ్గిస్తాయి, మలుపు రాగానే మళ్లీ లేచి కారును అదుముతాయి. అంతకు ముందు, 2011 నుంచి 2025 వరకు, వెనుక రెక్కలో ఒక భాగం మాత్రమే, అదీ పందెంలో ముందు కారుకు దగ్గరగా ఉన్నప్పుడే, తెరుచుకోవడానికి వీలుండేది. ఇప్పుడు పారబోలికా ముందు డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టే క్షణంలో రెక్కలు లేస్తాయి. అవి లేచిన తరువాత చెదిరిన గాలి తిరిగి కుదురుకోవడానికి సెకనులో ఎన్నోవంతు పడుతుందో మరనెల్లో ఇంజనీర్లు లెక్క కట్టవలసి ఉంటుంది, ఆ లెక్క సరైనదో కాదో శుక్రవారం పీటో గొట్టాల దువ్వెనతో సరిచూసుకోవలసి ఉంటుంది.