కాన్పు వేళ భర్త తోడు

ఇంట్లో ఒక ఆడపిల్ల నెల తప్పిందంటే చాలు, ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవాళ్ళు పదిమంది చేరతారు. "నీ మనసెట్లా ఉందమ్మా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఈ వేళ ఆ మనసు సంగతే చెప్పుకుందాం.

కాన్పయిన మూడో రోజు ప్రాంతంలో చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపొస్తుంది, చిరాకు పుడుతుంది. ఒంట్లో హార్మోనులు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర చాలకపోవడం ఇందుకు కారణాలు. సాధారణంగా రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా దిగులు అంతకంతకూ ముదిరితే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడే మొదలు కావచ్చు కూడా. ఇది గాలి సోకడమూ కాదు, బద్ధకమూ కాదు. నయమయ్యే జబ్బు. మనవంటి దేశాల్లో నూటికి 15 మంది గర్భిణులు, 20 మంది బాలింతలు ఇటువంటి మానసిక బాధలకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మరి దీన్ని ముందే ఆపలేమా? కొంతవరకు ఆపవచ్చు. అందులో భర్త పాత్ర పెద్దది.

మనలో తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం ఆచారం. గద్వాలలో కాపురముండే పిల్ల నాగర్‌కర్నూల్‌కో, వనపర్తికో పోతుంది. తల్లి చేతి వంట, విశ్రాంతి దొరుకుతాయి, మంచిదే. కానీ భార్యాభర్తలు ఒకరికొకరు బాగా అవసరమైన నెలల్లోనే దూరమవుతారు. అల్లుడు చుట్టంలా వచ్చి, బిడ్డను చూసి, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. ఆచారం మానమని కాదు, దూరం పెరగకుండా చూసుకోమని చెబుతున్నాను.

శ్రీమంతానికి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఖర్చెంత, ఏ ఆస్పత్రి, ఎప్పుడు తిరిగి రావడం, రాత్రిళ్ళు ఎవరు మేలుకోవడం? ఫోనులో "తిన్నావా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, ఆమె చెప్పేది అడ్డురాకుండా వినమని చెప్పండి. పాలివ్వడం తల్లి పనే. బిడ్డను భుజాన వేసుకుని తేన్పించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం తండ్రీ చేయవచ్చు. ఆమెకు వరుసగా నాలుగైదు గంటలు నిద్ర పట్టేలా చూస్తే అదే సగం మందు. గద్వాల చీర నేసే ఇళ్ళలో మగ్గం పని ఆలుమగలు పంచుకుంటారు కదా, ఉయ్యాల పని పంచుకుంటే తప్పేముంది?

ఇంకో మాట. ఆడపిల్ల పుట్టిందని ఎవరైనా మూతి ముడిస్తే మొదట నోరు విప్పవలసింది భర్తే. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి బీజాన్ని బట్టే ఉంటుంది. కొత్త తండ్రులకూ దిగులు కలుగుతుంది. "మగవాడివి, నీకేం?" అనకండి.

ఇంటివాళ్ళు కలిసొస్తే ఎంత మేలో పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో తేలింది. డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి, ఇంటిల్లిపాదినీ కలుపుకుని మాట్లాడారు. కాన్పయిన ఆరు నెలలకు, ఆ సాయం అందినవారిలో నూటికి 23 మందికే జబ్బు మిగిలింది. అందనివారిలో 53 మందికి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

ఆస్పత్రిలో కాన్పయితే 42 రోజుల్లోగా ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువుతోపాటు మీ మనసు బరువూ ఆమెకు చెప్పండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. బాలింత చావు మాటలాడినా, పొంతన లేకుండా మాట్లాడినా, బిడ్డకు హాని చేస్తుందేమోనన్న భయం కలిగినా ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి.

మీ ఇంట్లో కోడలో కూతురో నిండు నెలలతో ఉంటే, ఈ కాగితం ఆమెకిచ్చే ముందు ఆమె భర్త చేతికివ్వండి.