కంపించు భూమి – కడలిలో గాలిమర

మన కళాశాలలో కొందరు ‘జల్‌జలా’ అనియు, కొందరు ‘భూకంపము’ అనియు పిలుచు విపత్తు 2011 మార్చి 11న జపాను దేశమును వణికించినది. దాని తీవ్రత 9. నాడు ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రమునకు పట్టిన గతి లోకమంతయు ఎరుగును. కాని ఇబారకి మండలమున కమిసు తీరములో, గట్టుకు అతి సమీపమున నీటిలో నిలిచియున్న ఏడు గాలిమరల సంగతి మనలో ఎందరు విన్నారు? ఒక్కొక్కటి 2 మెగావాట్లది. ముందు భూమి కంపించినది. పిదప సుమారు 5 మీటర్ల సునామీ వచ్చి తాకినది. ఏడును నిలిచినవి. విద్యుత్ మార్గములు బాగుపడిన పిమ్మట మరల తిరిగినవి.

మేము ఇంజనీర్లము కాము, సాహిత్యము చెప్పుకొని బ్రతుకువారము. అయినను అంత పొడవైన స్తంభము, తలపై అంత బరువు మోయుచు, ఎట్లు పడకుండినదని విచారింపక ఉండలేకపోతిమి.

ఉయ్యాలను ఊపిన ప్రతివారికిని ఇందలి కిటుకు తెలియును. ఉయ్యాల లయకు సరిగా తోసినచో అది పైపైకి పోవును. లయ తప్పించి ఎంత బలముగా తోసినను అంతగా ఊగదు. ప్రతి కట్టడమునకును ఇట్టి సొంత లయ కలదు. పెద్ద గాలిమర ఒకమారు ఊగివచ్చుటకు 3, 4 సెకనులు పట్టును. గట్టి నేలపై భూకంపపు ఉధృతి మాత్రము అధికభాగము సెకనులోపు కుదుపులలోనే ఉండును. స్తంభము ఊపు అందుకొనకమునుపే కుదుపు దిశ మార్చుకొనును. అట్లని నిశ్చింతగా ఉండరాదు. స్తంభము నడుమ వంగి పామువలె మెలికతిరుగు రెండవ ఊపు ఒకటి కలదు. దాని కాలము సెకనుకు లోపే కనుక భూకంపము దానిని పట్టుకొనగలదు.

అంతకన్న పెద్ద శత్రువు క్రిందనున్నది. తడి ఇసుకపై నిలిచి పాదములతో తట్టి చూడుడు; గట్టిగా తోచిన నేల క్షణములో జావ అగును. రేణువుల నడుమనున్న నీటి ఒత్తిడి పెరిగి, అవి ఒకదానినొకటి ఆనుకొనుట మానివేయుటయే ఇందుకు కారణము. 1964లో జపానులోని నీగాటా నగరమున ఇట్లే జరిగి, గోడలు చెదరకుండగనే బహుళ అంతస్తుల ఇండ్లు ప్రక్కకు ఒరిగిపోయినవి. సముద్రములోని గాలిమరలు పెక్కింటికి పునాది అనగా అడుగున దిగగొట్టిన ఒక పెద్ద ఉక్కు గొట్టమే. పైపొరలోని ఇసుక జావయైనచో ఆ గొట్టమునకు అంతమేర ఆనుడు తొలగును. ఊపు మరింత నిదానించి సముద్రపు అలల లయకు చేరువగును. అందుచేత గొట్టమును మెత్తని పొరలు దాటించి గట్టి పొరలోనికి దింపవలెను. ఆ పొర ఎక్కడనున్నదో సముద్రగర్భమును తొలిచి చూడక తెలియదు. ఈ పని ఖరీదైనది. అయినను పొదుపు చేయరానిది ఇక్కడనే అని మా అభిప్రాయము.

మరియొక చిక్కు. రెక్కలు తిరుగుచున్నప్పుడు గాలియే స్తంభపు ఊపును కొంత అణచును. కంపము తెలిసి ఒక్కసారిగా రెక్కలను ఆపినచో, ఆ ఆపుటయే స్తంభమునకు ఇంకొక ఊపు. భూకంపము వేళ చూచి రాదు గదా! కావున తిరుగుచున్న మర, ఆగియున్న మర, ఆగుచున్న మర – మూడింటికిని లెక్కలు వేయుదురు. అంతర్జాతీయ ప్రమాణములలో సాధారణముగా 475 సంవత్సరములకు ఒకమారు రాదగిన కంపమును లెక్కకు తీసికొందురు.

ఐరోపాలోని ఉత్తర సముద్రమున భూకంపముల బెడద స్వల్పము. అక్కడ ఎదిగిన నమూనాలను తైవాను, జపానులలో ఉన్నవి ఉన్నట్లు నాటుటకు వీలులేదు. మన దేశమున సముద్రపు గాలిమరలకు ఎన్నుకొన్నవి గుజరాత్, తమిళనాడు తీరములు. ఆ గుజరాత్‌లోనే 2001 జనవరి 26న భుజ్ భూకంపము వచ్చినది. నాడు కాండ్లా రేవులోని ఎత్తైన కార్యాలయ భవనము, లోతుగా దింపిన స్తంభముల పునాది ఉండియు, క్రింది నేల మెత్తబడుటచే ఒక ప్రక్కకు ఒరిగినది.