బోరు మోటరు దగ్గర చిన్న బోర్డు

2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే మోటరును తిప్పేయడమే ఆ డబ్బాకు తెలుసు. మడి తడిసిందా, మూడు ఫేజులూ వస్తున్నాయా అని అది చూడదు. బోర్ల మీద నడిచే ఊళ్లకు కావలసింది చూసి నడిపే స్టార్టరు. అలాంటిది తయారు చేయడం నేర్చుకునే విద్యార్థి చేతికి ముందుగా వచ్చేది ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు.

ఈ బోర్డు అంచుల్లోని పిన్నులన్నీ ఒకేలా కనిపిస్తాయి, పనులు మాత్రం వేరు. ఏ0 నుంచి ఏ5 వరకు ఆరు అనలాగ్ పిన్నులు. నేల తడి సెన్సరు ఇచ్చే వోల్టేజీని లోపలి కన్వర్టరు 0 నుంచి 1023 మధ్య అంకెగా మారుస్తుంది. ఏ4, ఏ5లకే గడియారం చిప్‌ను కలిపి టైము చూసుకోవచ్చు. సిమ్ కార్డు మాడ్యూల్‌తో మాటలకు 0, 1 పిన్నులున్నాయి కానీ, కంప్యూటరు నుంచి ప్రోగ్రాం ఎక్కేది కూడా ఆ దారినే.

అసలు చిక్కు స్టార్టరును ఆన్, ఆఫ్ చేసే రిలే దగ్గర. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లు తీసుకోవడం క్షేమం, 40 దాటితే చిప్‌కే ప్రమాదం. 5 వోల్టుల మామూలు రిలే కాయిల్‌కు సుమారు 70 కావాలి. అందుకే మధ్యలో ట్రాన్సిస్టరు, కాయిల్‌కు అడ్డంగా డయోడు పెట్టాలి.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో పిన్నులన్నీ ఇన్‌పుట్‌గానే మేలుకుంటాయి. ప్రోగ్రాం చెప్పేదాకా వాటికి స్థిరమైన స్థితి ఉండదు. ట్రాన్సిస్టరు బేస్ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు వేస్తే ఆ సందిగ్ధంలో మోటరు ఆగే ఉంటుంది. 13వ పిన్నుకు రిలే తగిలించకపోవడం మంచిది. రీసెట్ మీట నొక్కితే బూట్‌లోడరు ఆ పిన్ను మీది ఎల్‌ఈడీని మెరిపిస్తుంది, దాంతోపాటు రిలే కూడా కదులుతుంది.

చిన్న రిలే మాడ్యూల్ మీద 250 వోల్టులని రాసి ఉంటుంది. త్రీ ఫేజ్ స్టార్టరు కాయిల్ 415 వోల్టులదైతే దాన్ని నేరుగా కలపకూడదు. ఆ వైపు పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌దే.

వైఫై కోసం ఈఎస్‌పీ32 బోర్డుకు మారేవాళ్లు పిన్నుల పటం మళ్లీ మొదటి నుంచి చదవాలి. దాని పిన్నులు 3.3 వోల్టులవే. 34 నుంచి 39 వరకు ఉన్నవి చదవగలవు తప్ప రిలేను నడపలేవు.