స్ప్రేయరు కొరకు లేటెక్స్ పెయింటును పలుచన చేయడం

లేటెక్స్ పెయింటును పలుచన చేయడం అనగా నీటి ఆధారిత గోడ పెయింటుకు కొలత ప్రకారం నీటిని గాని, కండిషనర్ అనే ద్రవాన్ని గాని కలిపి, అది స్ప్రేయరు నాజిల్ గుండా సన్నని తుంపరగా వెలువడేటట్లు దాని చిక్కదనాన్ని తగ్గించే ప్రక్రియ. కుంచె మరియు రోలర్ కొరకు తయారైన పెయింటు చిక్కగా ఉంటుంది. తక్కువ పీడనంతో పనిచేసే యంత్రాలలో అట్టి పెయింటు తుంపరగా విడిపోక పెద్ద చుక్కలుగా పడుతుంది. నీరు ఎక్కువైతే పెయింటు గోడపై కారిపోవడమే గాక, ఆరిన తరువాత మిగిలే పొర పలుచనై మన్నిక తగ్గుతుంది. అందువలన యంత్రం సరిగా పనిచేయడానికి చాలినంత కనీస నీటిని మాత్రమే కలపడం ఈ ప్రక్రియలోని ముఖ్య సూత్రం.

పేరు మరియు చరిత్ర

"లేటెక్స్ పెయింటు" అనే పేరు అమెరికా, కెనడా దేశాల వాడుక. ఇదే రకం పెయింటును భారతదేశంలోను, బ్రిటన్‌లోను ఎమల్షన్ పెయింటు అంటారు. రబ్బరు చెట్టు పాలకు ఆంగ్లంలో లేటెక్స్ అని పేరు ఉన్నప్పటికీ, ఈ పెయింటులో సహజ రబ్బరు ఉండదు. 1948లో అమెరికాలో గ్లిడెన్ సంస్థ విడుదల చేసిన స్ప్రెడ్ శాటిన్ అనే గోడ పెయింటులో కృత్రిమ రబ్బరుకు దగ్గరి పదార్థమైన స్టైరీన్-బ్యూటడయీన్ బంధకంగా వాడబడింది. 1953లో రోమ్ అండ్ హాస్ సంస్థ పెయింట్ల కొరకు ఆక్రిలిక్ బంధకాన్ని ప్రవేశపెట్టింది. తరువాత బంధకాలు మారినా పాత పేరు మాత్రం నిలిచిపోయింది.

పెయింటును చల్లే పరికరాలు అంతకు ముందునుండే ఉన్నాయి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన భవనాలకు తెల్లరంగు వేయడానికి పీడనంతో చల్లే పరికరాలను వాడారు. ఒహైయో రాష్ట్రం టొలీడో నగరంలోని డెవిల్‌బిస్ సంస్థ మొదట గొంతులోకి మందు చల్లే పరికరాలను తయారుచేసి, 20వ శతాబ్దపు ఆరంభంలో పెయింటు గన్‌ల తయారీ చేపట్టింది.

పెయింటు స్వభావం

లేటెక్స్ పెయింటులో నాలుగు ముఖ్య భాగాలు ఉంటాయి. అవి:

* వర్ణకం - రంగును, కింది గోడ కనబడకుండా కప్పే గుణాన్ని ఇస్తుంది. తెల్లని వర్ణకంగా టైటానియం డయాక్సైడ్‌ను వాడతారు.
* బంధకం - వర్ణకాన్ని గోడకు అంటిపెట్టి ఉంచే ప్లాస్టిక్ వంటి పదార్థం.
* నీరు - మిగిలిన భాగాలను మోసే ద్రవం.
* చేర్పులు - చిక్కబరచే పదార్థాలు, నురుగును అణచేవి, సూక్ష్మజీవుల నుండి కాపాడేవి మొదలగునవి.

నూనె పెయింటులో బంధకం ద్రావకంలో కరిగి ఉంటుంది. లేటెక్స్ పెయింటులో అది నీటిలో కరగదు. మైక్రాను కంటే చిన్నవైన కణాలుగా నీటిలో తేలియాడుతూ ఉంటుంది. గోడపై నీరు ఆవిరైన కొలదీ ఈ కణాలు దగ్గరకు చేరి, ఒకదానితో ఒకటి అతుక్కొని అవిచ్ఛిన్నమైన పొరగా మారతాయి. టర్పెంటైన్, థిన్నర్ వంటి ద్రావకాలను కలిపితే కణాలు ముద్దగా గట్టిపడి, పెయింటు విరిగిన పాలవలె పాడవుతుంది. కనుక లేటెక్స్ పెయింటులో వీటిని కలపరాదు.

డబ్బాలోని చిక్కదనం చాలావరకు సెల్యులోజ్ సంబంధిత పదార్థాల వంటి చిక్కబరచే చేర్పుల వలన వస్తుంది. అట్టి పెయింటును వేగంగా కదిపినపుడు పలుచబడి, కదలిక ఆగగానే మరల చిక్కబడుతుంది. కుంచె కింద సులువుగా జారి, గోడ మీద కారకుండా నిలవడానికి కారణం ఈ గుణమే. డబ్బాలో చిక్కగా కనబడిన పెయింటు అధిక పీడనం వద్ద సన్నని రంధ్రం గుండా తేలికగా పోవడానికి కూడా ఇదే కారణం.

స్ప్రేయరు రకాలు

ఎంత నీరు కలపాలన్నది ముందుగా యంత్రం రకాన్ని బట్టి ఉంటుంది.

* ఎయిర్‌లెస్ స్ప్రేయరు - ఇందులో గాలి ఉండదు. పంపు పెయింటును చదరపు అంగుళానికి సుమారు 1000 నుండి 3000 పౌండ్ల పీడనంతో టిప్ అనే సన్నని రంధ్రం గుండా నెడుతుంది. గోడ పెయింట్లకు సాధారణంగా 0.015 నుండి 0.019 అంగుళాల రంధ్రం గల టిప్‌లు వాడతారు. టిప్ మీది సంఖ్య ఈ కొలతను తెలుపుతుంది. ఉదాహరణకు 517 అనే సంఖ్యలో చివరి రెండు అంకెలు 0.017 అంగుళాల రంధ్రాన్ని సూచిస్తాయి. మొదటి అంకెను రెట్టింపు చేస్తే ఒక అడుగు దూరంలో పడే పట్టీ వెడల్పు, అనగా సుమారు 10 అంగుళాలు, వస్తుంది. ఈ యంత్రానికి చాలా పెయింట్లను పలుచన చేయనవసరం లేదు.
* హెచ్.వి.ఎల్.పి. స్ప్రేయరు - ఎక్కువ గాలిని తక్కువ పీడనంతో వాడుతుంది. గాలి మూత వద్ద పీడనం 10 పౌండ్లకు మించదు. తలుపులు, కిటికీలు, సామాను వంటి వాటికి అనువైనది. లేటెక్స్ పెయింటును ఎక్కువగా పలుచన చేయవలసివచ్చేది ఈ యంత్రానికే.
* కంప్రెసరుతో పనిచేసే సాధారణ గన్ - దీనికి కూడా పలుచన అవసరం. తుంపర గాలిలోకి ఎగిరిపోవడం వలన పెయింటు ఎక్కువగా వృథా అవుతుంది.

నీటి పరిమాణం

ఎయిర్‌లెస్ యంత్రానికి కూడా కొంత పలుచన అవసరమైనపుడు అమెరికాలో గ్యాలనుకు అర కప్పు నీటితో మొదలుపెట్టడం వాడుక. గ్యాలను 3.785 లీటర్లు, అర కప్పు సుమారు 118 మిల్లీలీటర్లు కనుక ఇది ఇంచుమించు 3 శాతం. హెచ్.వి.ఎల్.పి. యంత్రాలకు సాధారణంగా 10 శాతంతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. డబ్బాపై తయారీదారు తెలిపిన గరిష్ఠ పరిమితిని మించరాదు. ఆ పరిమితి వద్ద కూడా పెయింటు సరిగా రాకపోతే పెద్ద రంధ్రం గల నాజిల్‌ను గాని, వేరే యంత్రాన్ని గాని ఎంచుకోవాలి.

భారతదేశంలో అమ్మే అనేక ఎమల్షన్ పెయింట్లు ఎక్కువ నీరు కలిపి వాడుకొనేటట్లు చిక్కగా తయారవుతాయి. కొన్నింటికి కుంచె పనికే లీటరుకు 400 మిల్లీలీటర్లు లేదా అంతకు మించి నీరు కలపమని డబ్బాపై ఉంటుంది. అందువలన ఒక దేశపు లెక్కను మరొక దేశపు పెయింటుకు వర్తింపజేయరాదు.

పొర మందంపై ప్రభావం

నీరు ఆవిరైన తరువాత గోడపై మిగిలేది ఘన పదార్థం మాత్రమే. ఘనపరిమాణంలో 40 శాతం ఘన పదార్థం గల పెయింటును 100 మైక్రాన్ల తడి పొరగా వేస్తే, ఆరిన తరువాత 40 మైక్రాన్ల పొర మిగులుతుంది. అదే పెయింటుకు:

* 10 శాతం నీరు కలిపితే ఆరిన పొర సుమారు 36 మైక్రాన్లు
* 25 శాతం నీరు కలిపితే 32 మైక్రాన్లు
* 50 శాతం నీరు కలిపితే సుమారు 27 మైక్రాన్లు

నీరు పెరిగినపుడు మునుపటి మందం రావాలంటే తడి పొరను మందంగా వేయాలి. కాని పలుచని పెయింటు మందంగా నిలవక కారిపోతుంది. కనుక అదనపు పూత వేయడమే మార్గం. పలుచన వలన పెయింటు పరిమాణం పెరిగి డబ్బా ఎక్కువ చోటికి వచ్చినట్లు కనబడినా, గోడకు చేరే ఘన పదార్థం పెరగదు.

చిక్కదనం కొలత

చిక్కదనాన్ని ఫోర్డ్ కప్పు వంటి రంధ్రపు కప్పులతో కొలుస్తారు. కప్పును పెయింటుతో నింపి, అడుగు రంధ్రం గుండా జారే ధార తెగేవరకు పట్టే కాలాన్ని సెకన్లలో లెక్కిస్తారు. ఎన్ని సెకన్లు ఉండవలెనో యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. వేడికి పెయింటు పలుచబడుతుంది కనుక ఉదయం సరిపోయిన కొలత మధ్యాహ్నం ఎండలో ఎక్కువ కావచ్చు.

విధానం

1. ఒకే రంగు డబ్బాలన్నిటినీ పెద్ద బకెట్టులో కలిపి, అడుగున పేరుకొన్నది లేచేవరకు కలియబెట్టాలి. దీనివలన గోడ అంతటా రంగు ఒకే విధంగా ఉంటుంది.
2. సన్నని నైలాన్ వడపోత గుడ్డతో వడకట్టాలి. నాజిల్‌లో అడ్డుపడే గడ్డలు, ఎండిన తెట్టు దీనివలన తొలగుతాయి.
3. శుభ్రమైన నీటిని కొలపాత్రతో కొద్దికొద్దిగా పోస్తూ, నురుగు రాకుండా నెమ్మదిగా కలపాలి.
4. అట్టముక్కపై చల్లి చూడాలి. పట్టీ అంచు నుండి అంచుకు సమానంగా ఉంటే నీరు కలపడం ఆపివేయాలి.
5. కలిపిన కొలతను రాసిపెట్టి, తరువాతి బకెట్టుకు అదే పాటించాలి.

నీటికి బదులుగా ఫ్లోట్రోల్ వంటి కండిషనర్‌ను కూడా వాడతారు. ఇది పెయింటు ఆరే వేగాన్ని తగ్గించి, పొర నునుపుగా పరచుకోవడానికి తోడ్పడుతుంది.

లోపాలు మరియు కారణాలు

* పట్టీ రెండు అంచులలో దళసరి గీతలు - పీడనం చాలలేదు లేదా పెయింటు చిక్కగా ఉంది. ముందు పీడనం పెంచి చూసి, తరువాతనే నీరు కలపాలి.
* నారింజ తొక్క వంటి గరుకుదనం - తుంపర సన్నగా విడిపోలేదు.
* కారడం - నీరు ఎక్కువైంది, లేదా గన్ గోడకు మరీ దగ్గరగా ఉంది, లేదా చేయి నెమ్మదిగా కదిలింది.
* పొడిపొడిగా పడడం - గన్ దూరంగా ఉంది, లేదా ఎండ, గాలి ఎక్కువగా ఉన్నాయి.

జాగ్రత్తలు

ఎయిర్‌లెస్ టిప్ నుండి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చిన్న సూది పోటులా కనబడినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, పెయింటు శరీరంలోకి చేరినదని వైద్యునికి తెలపాలి. టిప్‌ను తీసే ముందు యంత్రాన్ని ఆపి, గొట్టంలోని పీడనాన్ని పూర్తిగా విడుదల చేయాలి. తుంపరను పీల్చకుండా తగిన మాస్కు, కళ్ళద్దాలు ధరించాలి.

నీరు కలిపిన పెయింటులో సూక్ష్మజీవులను అణచే చేర్పుల గాఢత తగ్గుతుంది. నిల్వ ఉంచితే అది దుర్వాసన పట్టి పాడయ్యే అవకాశం ఉన్నందున, ఒక పనికి చాలినంత మాత్రమే కలపడం మంచిది.

ఇవి కూడా చూడండి

* ఎమల్షన్
* టైటానియం డయాక్సైడ్
* స్నిగ్ధత
* సున్నం