కుటుంబ విన్యాసము

ఒక బాలునికి లెక్కలలో మార్కులు తగ్గినవి. తండ్రి మందలించెను. బాలుడు భయపడి తరువాతి మార్కుల కాగితమును దాచెను. అది బయటపడగా తండ్రి మరింత కఠినుడయ్యెను. బాలుడు మరింత దాచసాగెను. తల్లి కుమారుని వెనుకవేసుకొని వచ్చుటతో తండ్రి కోపము హెచ్చెను. ఇందు దోషమెవరిది? తండ్రి నడిగిన కుమారునిది, కుమారు నడిగిన తండ్రిది. నిజమున కిక్కడ ఒకరి చేష్ట రెండవవారి చేష్టకు కారణమును, ఫలితమును కూడ అగుచున్నది. గానుగెద్దు నడకకు మొదలేది, తుద ఏది?

ఇట్లు ఒకదానిపై నొకటి ఆధారపడి మెలగు భాగముల సముదాయమును ‘వ్యవస్థ’ అందురు. 1954 తరువాత అమెరికాలో మర్రే బోవెన్ అను వైద్యుడు రోగి నొక్కనినే గాక, కుటుంబమునంతటిని ఆసుపత్రిలో నుంచి పరిశీలించెను. కుటుంబమును వ్యవస్థగా చూచు చికిత్సలు ఇట్టి కృషి నుండియే పెరిగినవి.

ఈ దృష్టితో వ్యక్తిగత సమస్యలను పరిశీలించు పద్ధతులలో ‘కుటుంబ విన్యాసము’ ఒకటి. జర్మను భాషలో దాని పేరునకు ‘నిలిపి అమర్చుట’ అని అర్థము. దీనిని ప్రచారములోనికి తెచ్చిన బెర్ట్ హెలింగర్ (1925–2019) మొదట దక్షిణాఫ్రికాలో జూలూల నడుమ కాథలిక్ మిషనరీగా పనిచేసినవాడు. అతనికి ముందే జేకబ్ మొరీనో మనోనాటకమును, వర్జీనియా శాటిర్ కుటుంబ సభ్యులను శిల్పమువలె నిలుపు పద్ధతిని రూపొందించి యుండిరి.

విన్యాసము జరుగు తీరిది. సమస్య గల వ్యక్తి కూడియున్నవారిలో కొందరిని తన తండ్రికి, తల్లికి, తనకు ప్రతినిధులుగా ఎన్నుకొనును. వారిని తన మనస్సునకు తోచిన దూరములో, తోచిన దిక్కునకు మొగము త్రిప్పి నిలుపును. నిర్వాహకుడు ప్రతినిధుల నొక్కొక్కరిని ‘ఇక్కడ నిలిచిన మీకెట్లున్నది?’ అని అడిగి, వారి స్థానములను క్రమముగా మార్చును. చివరకు అందరికిని ఊరట కలిగించు అమరిక కొరకు యత్నించును.

క్రొత్తవారైన ప్రతినిధులకు ఆ భావము లెట్లు కలుగును? అదృశ్యమైన క్షేత్రమొకటి వారికి సమాచార మందించునని కొందరందురు. ఇందుకు శాస్త్రీయమైన ఆధారము లేదు. ఎవరైనను వీపు త్రిప్పి నిలిచిన నిరాదరణగాను, మరీ దగ్గరగా నిలిచిన ఇరుకుగాను తోచుట సహజము. పాత్రను గూర్చిన ఊహ, నిర్వాహకుని మాటతీరు కూడ ఆ భావములకు రూపమిచ్చును. కావున ‘తాతగారు అన్యాయము చేసినట్లు తోచుచున్నది’ అని ప్రతినిధి పలికిన మాట సాక్ష్యము కానేరదు.

2013లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు 208 మంది పెద్దలపై జరిపిన పరీక్ష ఫలితములను ప్రకటించిరి. లాటరీ పద్ధతిన వారిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు మూడు దినముల శిబిరము నిర్వహించిరి; రెండవ జట్టును వేచియుండుమనిరి. నాలుగు మాసముల తరువాత కూడ మొదటి జట్టువారి మానసిక స్థితి సగటున మెరుగుగా నుండెను. కాని వేచియున్నవారికి తమకేమియు అందలేదని తెలియును. పదిమంది శ్రద్ధతో వినుట, మేలు కలుగునను ఆశ కూడ ఉపశమనము నీయవచ్చును. మేలు కలిగినదనుట వేరు. అది ఏ కారణమున కలిగినదో నిరూపించుట వేరు.

జర్మనీలో 2008లో శాస్త్రీయ సలహా మండలి గుర్తించినది వ్యవస్థా చికిత్సను. ఆ గుర్తింపు హెలింగర్ పద్ధతికి చెందదు. కుటుంబములో ఎవరి స్థానమేదో తానే తీర్పు చెప్పు అతని ధోరణిని 2004లో అక్కడి వ్యవస్థా చికిత్సకుల సంఘమొకటి బహిరంగముగా విమర్శించెను. తీవ్రమైన మనోవ్యాధి గలవారు ఇట్టి శిబిరములను నమ్మి వైద్యమును మానరాదు.

అయినను ఇందలి మూలభావము ఉపాధ్యాయునకు ఉపకరించును. బల్లపై నాలుగు నాణెములుంచి, ‘ఇవి నీవు, నాన్న, అమ్మ, లెక్కల మాస్టారు అనుకొని అమర్చుము’ అని ఆ బాలుని అడుగవచ్చును. పిదప ‘దేనిని కొంచెము జరిపిన నీకు ఊరటగా నుండును?’ అనవచ్చును. ఆ నాణెములు ఇల్లెట్లున్నదో చెప్పవు. ఇల్లు బాలునకెట్లు కనబడుచున్నదో చెప్పును. దాచిన కాగితమును గూర్చి మాటలాడుటకు అదియే మొదటి మెట్టు కావచ్చును.