మూట మోసే మనిషికి వ్యాయామం ఎందుకు?

"రోజంతా మూటలు మోసేవాడికి మళ్లీ ఎక్సర్‌సైజ్ ఏమిటి మాస్టారూ! అది మాలాగా కుర్చీల్లో కూర్చునేవాళ్లకు గానీ." మన సంఘానికి ఏటా తప్పకుండా విరాళం ఇచ్చే ఒక పెద్దమనిషి నాతో అన్న మాట ఇది. ఆయన మంచి మనసుతోనే అన్నారు. మనలో చాలామంది అనుకునేది ఇదే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఆ అభిప్రాయం తప్పని నాకు తెలిసింది బడిలోనే. తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండు వారాలు రాడు. కబురు చేస్తే తల్లి వస్తుంది. "వాళ్ల అబ్బాకు నడుము పట్టేసింది సార్, లేవలేకపోతున్నాడు. వీణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టాం" అంటుంది. ఆ తండ్రికి నలభై రెండో, నలభై అయిదో ఉంటాయి. నిన్నటిదాకా మిర్చి టిక్కీలు మోసిన మనిషి. అలాంటి ఇళ్లకు మనం మందుల ఖర్చు ఇస్తాం, రంజాన్‌కు బియ్యం ఇస్తాం, పిల్లవాడికి స్కాలర్‌షిప్ ఇస్తామంటాం. కానీ షెడ్డుకు వెళ్లి రోజుకూలి కళ్లజూసిన పిల్లవాడు మళ్లీ బడికి రావడం కష్టం. తండ్రి నడుము ఇంకో పదేళ్లు నిలిచి ఉంటే మన స్కాలర్‌షిప్ పనికొచ్చేది.

పని వేరు, వ్యాయామం వేరు

గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ సుమారు 40 నుంచి 45 కిలోలు ఉంటుంది. ఒక హమాలీ రోజుకు 200 టిక్కీలు ఎత్తి దించాడనుకుందాం. టిక్కీకి 40 కిలోల చొప్పున లెక్కేసినా 8,000 కిలోలు, అంటే ఎనిమిది టన్నులు. సిమెంటు బస్తా 50 కిలోలు. ధాన్యం బస్తా అంటే మన జిల్లాల్లో 75 కిలోల లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజన పురుషుడు మామూలుగా మోసే బరువు 55 కిలోలు దాటకూడదు.

ఇంత శ్రమ చేస్తే ఒళ్లు ఇనుములా కావాలి కదా అనిపిస్తుంది. దీని మీద వైద్య పరిశోధకులు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి ఒక పరిశోధన ప్రచురించాడు. రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. శరీరం కదలాలన్న మాటకు బలం వచ్చింది అప్పుడే.

అయితే కండక్టరు మెట్లెక్కడం ఒకటి, బస్తా మోయడం ఇంకొకటి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ ప్రాంతంలో లక్షకు పైగా స్త్రీపురుషుల ఆరోగ్యాన్ని సుమారు పదేళ్లు గమనించి, 2021లో ఆ ఫలితాలు ప్రకటించారు. తీరిక వేళల్లో వ్యాయామం చేసేవారిలో అకాల మరణాలు తగ్గాయి. కానీ పనిలోనే అతి ఎక్కువ శ్రమపడేవారిలో, తక్కువ శ్రమ ఉన్నవారితో పోలిస్తే, ఆ ప్రమాదం సుమారు 27 శాతం ఎక్కువగా కనిపించింది. పొగతాగడం, చదువు, ఆదాయం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పోలేదు. ఇందులో పేదరికం పాలు ఎంత, శ్రమ పాలు ఎంత అన్న వాదన పండితుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. కానీ పనిలో చెమట పట్టినంత మాత్రాన వ్యాయామం అయిపోయినట్టు కాదని మాత్రం స్పష్టమైంది.

ఎందుకిలా జరుగుతుంది?

మొదటిది, గుండె సంగతి. వేగంగా నడిచేటప్పుడు కాళ్ల కండరాలు బిగుస్తూ వదులవుతూ ఉంటాయి. రక్తం ధారాళంగా పారుతుంది. అరగంటలో పని ముగుస్తుంది, గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. ఇలా కొన్ని నెలలు చేస్తే గుండె తక్కువ కొట్టుకుంటూ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. బరువు ఎత్తేటప్పుడు అలా కాదు. మనిషి ఊపిరి బిగబడతాడు, కండరాలు గట్టిగా బిగుసుకుని రక్తనాళాలను నొక్కుతాయి, ఆ క్షణంలో రక్తపోటు బాగా పెరుగుతుంది. జిమ్ముకు వెళ్లే కుర్రవాడు ఆ బరువును పదిసార్లు ఎత్తి కూర్చుంటాడు. హమాలీ ఎనిమిది, పది గంటలు ఎత్తుతూనే ఉంటాడు.

రెండోది, విశ్రాంతి. కండరం బలపడేది పనిలో కాదు, పని తర్వాత తిని నిద్రపోయినప్పుడు. వ్యాయామం చేసేవాడు ఒకరోజు చేసి మర్నాడు మానుకోవచ్చు. కూలివాడు మానుకుంటే పొయ్యి వెలగదు. అరిగినది పూడకముందే మళ్లీ అరుగుతుంది.

మూడోది, ఒకే రకం కదలిక. హమాలీకి ఎప్పుడూ అదే భుజం, అదే వంపు. తాపీ మేస్త్రీకి వంగిన నడుము, వెల్డరుకు వంచిన మెడ, దర్జీకి ముందుకు వాలిన భుజాలు. పనికి వాడే కండరాలు బిగుసుకుపోతాయి, వాడనివి నీరసపడతాయి. వెన్ను ఆ రెండింటి మధ్య నలుగుతుంది.

నాలుగోది, నొప్పి బిళ్ల. సాయంత్రం ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో రెండు రూపాయల బిళ్ల, మర్నాడు మళ్లీ పని. ఇలా ఏళ్ల తరబడి రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది. నడుము గురించి మొదలైన కథ డయాలసిస్ దగ్గర తేలిన ఇళ్లు కూడా ఉంటాయి.

ఎలాంటి వ్యాయామం?

అలసిన మనిషికి ఇంకో గంట కష్టం పెట్టమని ఎవరూ చెప్పరు. పని ఇవ్వనిది ఇచ్చేదే అతనికి కావలసిన వ్యాయామం.

పనికి ముందు అయిదు నిమిషాలు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో బాగా వంగి బరువెత్తడం ప్రమాదం. ఫజ్ర్ నమాజు తర్వాత కాసేపు నడిచి, భుజాలు ముందుకీ వెనక్కీ తిప్పి, సగం దాకా పది బస్కీలు తీసి పనిలోకి దిగితే ఒళ్లు సిద్ధమవుతుంది.

పనిలో ఉండగా. మూటను ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. నడుముతో కాకుండా తుంటి, మోకాళ్లు వంచి లేవాలి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టక వదలాలి. బరువుతో ఉన్నప్పుడు నడుము మెలి తిప్పకుండా పాదాలతో తిరగాలి. భుజం మారుస్తూ ఉండాలి. నడుముకు బిగించే బెల్టు ఈ పద్ధతికి బదులు కాదు.

పని ముగిశాక. ఇంటికి రాగానే చాప మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు మంచం మీద ఆనించి పది నిమిషాలు ఉంటే వెన్ను మీద భారం తగ్గుతుంది. తర్వాత తొడ వెనక కండరాలు మెల్లగా సాగదీయాలి. కుదుపు పనికిరాదు.

వారంలో మూడు రోజులు నడుముకు బలం. రెండు చేతులు, రెండు మోకాళ్ల మీద ఉండి, కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కూ చాచి పది లెక్కపెట్టేదాకా ఆగాలి. తర్వాత రెండో వైపు. అలాగే వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి నిలపాలి. ఒక్కొక్కటి ఆరేడు సార్లు చాలు. పావుగంట పని. పైసా ఖర్చు లేదు.

గుండెకు నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ ఆ వేగానికి గుర్తు. మసీదు పది నిమిషాల దూరం ఉంటే ఇషా నమాజుకు బండి మీద కాకుండా చురుగ్గా నడిచి వెళ్లి వస్తే రోజుకు 20, వారానికి 140 నిమిషాలు. చేతిలో మూట లేకుండా, భుజాలు వదులుగా ఊపుతూ నడిచే ఆ నడక ఆ మనిషికి ఆ రోజు దొరికే మంచి మందు.

ఇక్కడ ఒక మాట. నమాజు ఇబాదత్. దాన్ని కసరత్తుగా లెక్కపెట్టడం సరికాదు. రుకూ, సజ్దాలతో కీళ్లు కదులుతాయన్నది నిజమే గానీ, అది చాలులే అని నడక మానుకోవద్దు. నడుము నొప్పి తీవ్రంగా ఉన్నవారికి కూర్చుని చదువుకునే సౌలభ్యం మన ధర్మంలోనే ఉంది. సిగ్గుపడి నొప్పి పెంచుకోనక్కరలేదు.

సీజన్‌ను బట్టి కూడా మారాలి. యార్డులో సరుకు ముమ్మరంగా వచ్చే నెలల్లో ఒళ్లు సాగదీయడం, కాస్త నడక, నిద్ర చాలు. పని పలచబడ్డాక దండీలు, బస్కీలతో బలం పెంచుకోవాలి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులు చేస్తారు. పని లేని నెలల్లో టీ బంకు దగ్గర కూర్చుని, సీజన్ మొదటి రోజున ఒక్కసారిగా బరువు కింద దూరతారు. నడుములు పట్టేసేది అప్పుడే.

2023, 2024, 2025 సంవత్సరాల్లో రంజాన్ నెల మార్చి, ఏప్రిల్‌లలోనే వచ్చింది. అంటే మిర్చి సీజన్‌లోనే, ఎండల్లోనే. రోజా ఉన్నవారు పగలు వేరే వ్యాయామం పెట్టుకోకూడదు. ఇఫ్తార్ తర్వాత నెమ్మదైన నడక చాలు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి.

ఆగవలసిన చోట ఆగాలి

ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి, బలహీనత వచ్చినా, మూత్రం అదుపు తప్పినా కట్లు, తైలాలు నమ్ముకుని కూర్చోకూడదు. నలభై దాటినవారు, బి.పి. 140/90 దాటినవారు డాక్టరును అడిగే కొత్త వ్యాయామం మొదలుపెట్టాలి.

దాతలతో నాలుగు మాటలు

మీరు ఇచ్చేది జకాత్ అయినా, సదఖా అయినా పేదవాడి కష్టంలో అక్కరకొస్తోంది. అందుకు అల్లాహ్ మీకు ప్రతిఫలం ఇవ్వాలి. కానీ మీలో చాలామంది వ్యాపారులు, కాంట్రాక్టర్లు, గోదాముల యజమానులు. సంఘం ద్వారా మీరు ఆదుకునే మనిషి మీ దగ్గరే పని చేస్తూ ఉండవచ్చు. ఆ కుటుంబం మన ఆఫీసు గుమ్మం ఎక్కకముందే మీరు చేయగలిగినవి ఉన్నాయి.

గోదాములో రెండు చక్రాల తోపుడుబండ్లు పెట్టించండి. బస్తాలు నేల మీద కాకుండా నడుము ఎత్తు అరుగు మీద ఉంటే ప్రతి ఎత్తులోనూ ఒక వంపు తప్పుతుంది. 75 కిలోల బస్తా తప్పనిసరి అయితే ఇద్దరు పట్టేలా చూడండి. నీడ, చల్లని మంచినీళ్లు, గంటకోసారి అయిదు నిమిషాల ఊపిరి. వీటికి ఖర్చు స్వల్పం.

సంఘం తరఫున మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. నెలకో జుమా రోజున మసీదు ఆవరణలో బి.పి., షుగర్ పరీక్ష. ఫిజియోథెరపిస్టు చేత మూడు నెలలకోసారి హమాలీలకు, మేస్త్రీలకు గంటసేపు శిక్షణ. వెనకటి తాలింఖానాల్లాగా ఒక హాలు, పది చాపలు, సాయంత్రం ఒక గంట. పెద్ద మిషన్లు అక్కర్లేదు. ఒకరిని చూసి ఒకరు చేసే చోటు కావాలి, అంతే.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో దొరకవచ్చు. మంచాన ఉన్న నెలల కూలి దొరకదు. మనిషి శరీరానికి కూడా అతని మీద హక్కు ఉందని దైవప్రవక్త (సల్లం) తన సహచరుడికి బోధించారు. మన దగ్గర పని చేసేవారిపై శక్తికి మించిన భారం వేయవద్దని, వేయవలసి వస్తే మనమూ సాయం పట్టాలని కూడా బోధించారు. మొదటి మాట కూలివాడికైతే, రెండో మాట మనకు.

ఈ సంవత్సరం ఫలితాల తర్వాత పదో తరగతిలో చేరబోయే మన పిల్లల పేర్లు నా దగ్గర ఉన్నాయి. వాళ్ల తండ్రుల్లో ఎక్కువమంది ఒంటి కష్టం మీద బతికేవారే. వచ్చే ఏడాది కూడా ఆ పేర్లన్నీ హాజరు పట్టీలో ఉండాలని నా కోరిక. పైన చెప్పిన మూడు పనుల్లో ఏ ఒక్కదానికి మీరు ముందుకొచ్చినా సంఘం కార్యాలయంలో చెప్పండి. మిగతాది చూసుకోవడానికి మేమున్నాం. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఇతరుల ఆరోగ్యం పట్ల బాధ్యతను ప్రసాదించుగాక. ఆమీన్.